పాత బుల్లెట్ మొదటి కిక్‌కి ఎందుకు స్టార్ట్ కాదు?

పాత బుల్లెట్‌ని స్టార్ట్ చేయాలంటే ఒంట్లో బలం ఉండాలనే మాట తెలుగు ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. దిట్టమైన మనిషి చెమటలు కక్కుతూ తన్నినా ఉలకని బండిని, బక్కపలచని యజమాని వచ్చి ఒక్క కిక్‌తో లేపేస్తే, చుట్టూ ఉన్నవాళ్లు "బండికి ఆయన కాలు అలవాటైంది" అనేస్తారు. బండికి అలవాట్లేమీ ఉండవు. ఆ యజమాని కిక్ కొట్టే ముందు కొద్ది సెకన్లు ఏం చేశాడో ఎవరూ గమనించలేదు, అంతే. తాళం తిప్పాడు. హెడ్‌లైట్ మీదున్న ముల్లు వైపు చూశాడు. కిక్కర్‌ని మెల్లగా కిందికి నొక్కి, ఎడమచేత్తో ఓ చిన్న లివర్ లాగి వదిలాడు. ఆ తర్వాతే తన్నాడు.

ఏ పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ కావాలన్నా సిలిండర్‌లోకి సరైన పాళ్లలో పెట్రోలు, గాలి వెళ్లాలి. అవి బాగా నొక్కుకోవాలి. సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి. ఇవన్నీ జరిగేంత వేగంగా ఇంజిన్ తిరగాలి. ఇవాళ్టి బండిలో బటన్ నొక్కితే ఈ పనులన్నీ సెన్సర్లు, మోటారు, ఒక చిన్న కంప్యూటర్ కలిసి చూసుకుంటాయి. పాత బండిలో వీటిలో సగానికి పైగా నడిపేవాడి చేతికీ కాలికీ వదిలేశారు. పాత బళ్ల మొండితనం గురించి వినిపించే కథలకు ఇదొక మూలం. ఇంకో మూలం గురించి బుల్లెట్ అభిమానులు మాట్లాడటానికి అంతగా ఇష్టపడరు. బాగా చూసుకున్న బుల్లెట్ ఒకటి రెండు కిక్కులకే స్టార్ట్ అవుతుంది. రోజూ పది కిక్కులు అడుగుతోందంటే దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన రోజు దాటిపోయిందని అర్థం.

కంప్రెషన్ మీద పెట్టడం అంటే

మద్రాసులో తయారైన క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350నే తీసుకుందాం. ఒకే సిలిండర్. దాని వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కింది నుంచి పైకి నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతల్లోంచే 346 సీసీ వస్తుంది. పిస్టన్ తల వైశాల్యం సుమారు 38.5 చదరపు సెంటీమీటర్లు. పాత మోడళ్లలో కంప్రెషన్ నిష్పత్తి 6.5:1 దగ్గర ఉండేది. అంటే పిస్టన్ కింద ఉన్నప్పుడు లోపలున్న గాలి, పిస్టన్ పైకి వచ్చేసరికి ఆరున్నర రెట్లు కుంచించుకుపోతుంది. నిదానంగా తిప్పినా సరే, ఏమీ లీక్ కాకపోతే, చివరికొచ్చేసరికి ఆ గాలి పిస్టన్ మీద 200 కేజీలకు పైగా బరువుతో వెనక్కి నెడుతుంది. వేగంగా తిప్పితే గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. మనిషి నేరుగా అంత బరువుతో పోరాడడు. కిక్కర్ పొడవు, గేర్ల నిష్పత్తి మధ్యలో ఉన్నాయి. అయినా కంప్రెషన్ మొదలయ్యే చోట కిక్కర్ రాయిలా ఆగిపోతుంది, దాని మీద మనిషి నిలబడినా వెంటనే దిగదు.

ఎక్కడో మధ్యలో ఆగిన ఇంజిన్‌ని అలాగే తన్నేవాడు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడటంతో తిరిగే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి కంప్రెషన్ వస్తుంది. ఇంజిన్ ఆఫ్ చేసినప్పుడు సాధారణంగా ఆ కంప్రెషన్ అడ్డుపడే చోటే, పిస్టన్ పైకి ఎక్కలేక ఆగిపోతుంది. ఇప్పుడు నేరుగా కిక్ కొడితే కాలు మొదటి అంగుళంలోనే ఆ గోడని గుద్దుకుంటుంది. క్రాంక్ ఇంకా వేగం అందుకోలేదు, ఎదురుగా పూర్తి ఒత్తిడి. ఎంత బలవంతుడైనా ఆ కిక్ సగంలో చచ్చిపోతుంది. పైగా సిలిండర్‌లో ఉన్నది పాత గాలి. అందులో మండటానికి తాజా పెట్రోలు ఆవిరి కూడా లేదు.

దీనికి పరిష్కారం గోడకి ఇవతల కాకుండా అవతల నుంచి మొదలుపెట్టడం. పిస్టన్ కంప్రెషన్ పైకొసను కాస్త దాటిన చోట ఉంటే, మళ్లీ కంప్రెషన్ మొదలయ్యేలోపు క్రాంక్‌కి ఒకటిన్నర చుట్టు ఖాళీ దొరుకుతుంది. పిస్టన్ కిందికి దిగుతుంది, పాత గాలిని బయటికి తోస్తుంది, మళ్లీ దిగుతూ కార్బరేటర్ నుంచి కొత్త మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. ఈ మూడు అంగల్లో పెద్ద అడ్డేమీ ఉండదు కాబట్టి కాలు పెట్టే బలమంతా క్రాంక్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్‌లోకి వేగంగా చేరుతుంది. తిరగలి రాయిలాగే ఫ్లైవీల్ కూడా కదిలే దాకానే బరువు. ఒకసారి తిరగడం మొదలయ్యాక దాని ఊపే పిస్టన్‌ని తర్వాతి కంప్రెషన్ మీదుగా దాటిస్తుంది. ఆ సమయానికి కాలు పని దాదాపు అయిపోయి ఉంటుంది. కాబట్టి కిక్ అనేది కంప్రెషన్‌ని కాలితో జయించడం కాదు, దాన్ని జయించడానికి ఫ్లైవీల్‌కి సమయం ఇవ్వడం.

ఆ చోటు ఎక్కడుందో బయట నుంచి కనిపించదు. దానికోసమే ముల్లు, లివర్. బుల్లెట్‌లో హెడ్‌లైట్ మీద ఉండే ఆంపియర్ మీటర్ పేరుకి బ్యాటరీ ఛార్జింగ్ చూపించే సాధనం. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని పిస్టన్ ఎక్కడుందో చెప్పే కిటికీలా వాడుకుంటారు. పాయింట్లు అంటే రవ్వ పుట్టించే కాయిల్‌కి కరెంటు ఇస్తూ, ఆపుతూ ఉండే చిన్న స్విచ్; అవి తెరుచుకున్నప్పుడే ప్లగ్గులో రవ్వ పడుతుంది. తాళం ఆన్ చేశాక పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లోకి కరెంటు పోతుంది, ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కిక్కర్ మెల్లగా నొక్కుతూ పోతే పాయింట్లు తెరుచుకున్న క్షణంలో ఆ ముల్లు మధ్యకు వచ్చేస్తుంది. బుల్లెట్‌లో పాయింట్లు క్యామ్ వేగంతో, అంటే క్రాంక్ వేగంలో సగంతో నడుస్తాయి. అందుకని అవి రెండు చుట్లకు ఒకసారే, కంప్రెషన్ పైకొస దగ్గరే తెరుచుకుంటాయి. ముల్లు మధ్యకు వచ్చిందంటే పిస్టన్ పైకొసకి ఒక మిల్లీమీటరు లోపు దూరంలో ఉందని లెక్క.

అక్కడ ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెసర్ లివర్ లాగాలి. సిలిండర్ హెడ్‌లో ఓ చిన్న దారి తెరుచుకుని నొక్కుకున్న గాలి తుస్సుమని బయటికి పోతుంది. లివర్ పట్టుకునే కిక్కర్‌ని ఇంకొంచెం, ఓ వేలెడంత కిందికి దించితే పిస్టన్ పైకొస దాటుతుంది. లివర్ వదలాలి. కిక్కర్‌ని పూర్తిగా పైకి రానివ్వాలి. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో, మధ్యలో ఆపకుండా తన్నాలి. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. కిక్ కొట్టేటప్పుడు కూడా డీకంప్రెసర్ పట్టుకునే ఉంటారు. కాలికి తేలిగ్గానే ఉంటుంది, ఇంజిన్‌కి మాత్రం కంప్రెషనే ఉండదు. ఇంకొందరు సగం దాకా తన్ని కాలు వెనక్కి లాక్కుంటారు. దాని ఫలితం ఇంకా చెడ్డది.

తిరగబడే కిక్

పాత బళ్ల గురించి భయం పుట్టించేది కిక్ వెనక్కి తన్నడం. దీన్ని బండి కోపంగా చెప్పుకోవడం బాగానే ఉంటుంది కానీ, దాని వెనక ఉన్నది మంటకీ వేగానికీ మధ్య లెక్క.

రవ్వ పడగానే సిలిండర్‌లో మంట ఒక్కసారిగా నిండదు, పాకుతుంది. ఆ పాకడానికి రెండు మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు. ఆ రెండు మిల్లీసెకన్లలో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే ఆ వేగంలో పిస్టన్ పైకొస చేరకముందే, 30 డిగ్రీలకు పైగా ముందే రవ్వ వేయాలి. మంట పూర్తిగా అంటుకునేసరికి పిస్టన్ పైకొస దాటి కిందికి దిగుతూ ఉంటుంది, ఒత్తిడి దాన్ని ముందుకే తోస్తుంది. కిక్ కొట్టేటప్పుడు క్రాంక్ వేగం ఇందులో పదో వంతు, 300 చుట్లే అనుకుంటే, అదే రెండు మిల్లీసెకన్లలో అది 3.6 డిగ్రీలే కదులుతుంది. ఇప్పుడు కూడా 30 డిగ్రీలు ముందే రవ్వ పడితే పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే పూర్తి ఒత్తిడి దాని నెత్తిన పడుతుంది. క్రాంక్ వెనక్కి తిరుగుతుంది. కిక్కర్ రాచెట్‌కి తగులుకుని ఉంది కాబట్టి అది కూడా పైకి లేస్తుంది, దాని మీద కాలుంటే కాలు కూడా. చీలమండ బెణకడం, మోకాలు పట్టేయడం, పిక్క మీద బూటు దాటిన దెబ్బలు అన్నీ ఇందులోంచి వచ్చేవే.

ఇంగ్లండులో తయారైన పాత బళ్లలో దీనికి హ్యాండిల్ మీద ఒక లివర్ ఉండేది. స్టార్ట్ చేసేటప్పుడు టైమింగ్‌ని, అంటే రవ్వ పడే క్షణాన్ని, వెనక్కి, వేగం అందుకున్నాక ముందుకి చేత్తోనే జరుపుకోవాలి. లివర్ వెనక్కి తిప్పడం మర్చిపోతే శిక్ష వెంటనే పడేది. మన బుల్లెట్‌లో ఆ పని రెండు చిన్న బరువులు, స్ప్రింగులు చేస్తాయి. వేగం పెరిగే కొద్దీ బరువులు బయటికి విచ్చుకుని టైమింగ్ ముందుకి జరుగుతుంది. ఆ బరువుల దగ్గర గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టి, విచ్చుకున్న చోటే బిగుసుకుపోతే బండి ఎప్పుడూ పూర్తి ముందుకి జరిగిన టైమింగ్‌తోనే ఉంటుంది. రోడ్డు మీద అది బాగానే లాగుతుంది, కాబట్టి యజమానికి అనుమానం రాదు. కిక్ మాత్రం రోజూ తంతుంది. ఈ ఒక్క లోపాన్నే బండి స్వభావంగా ఏళ్ల తరబడి భరించేవాళ్లు ఉంటారు.

భయంతో కొట్టే అర కిక్ ఇదే ప్రమాదాన్ని పెంచుతుంది. ఫ్లైవీల్‌కి తగినంత వేగం రాకుండానే పిస్టన్ రవ్వ పడే చోటికి చేరుతుంది, దాటలేక వెనక్కి తిరుగుతుంది. అందుకే పాతవాళ్లు రెండు మాటలు చెబుతారు, రెండూ నిజమే. కొడితే పూర్తిగా కొట్టు. మోకాలిని నిటారుగా బిగించి కొట్టకు. చెప్పులతో కొట్టకూడదన్నది మూడోది. అది చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాం కానీ మన ఊళ్లలో ఉంది.

రవ్వ, పెట్రోలు

బుల్లెట్‌లో రవ్వకి కరెంటు బ్యాటరీ ఇస్తుంది. దీనివల్ల ఒక లాభం ఉంది. ఇంజిన్ ఎంత నెమ్మదిగా తిరిగినా పాయింట్లు తెరుచుకుంటే చాలు, రవ్వ పూర్తి బలంతో పడుతుంది. ఇంగ్లండు బీఎస్ఏ గోల్డ్ స్టార్ వంటి పందెపు బళ్లలో మాగ్నెటో ఉండేది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, ఇంజిన్ తిరుగుడులోంచే కరెంటు పుడుతుంది. అయితే తిరుగుడు తగ్గితే రవ్వ కూడా బలహీనపడుతుంది. అలాంటి బండికి కిక్ వేగం తప్పనిసరి. దానికి తోడు తర్వాతి గోల్డ్ స్టార్‌లలో పెట్టిన పందెపు కార్బరేటర్‌కి నిలకడగా ఐడ్లింగ్ చేయడం కూడా రాదు. ఆ బళ్ల కిక్ కథలు బుల్లెట్‌కి అంటగట్టడం అన్యాయం.

పెట్రోలు వైపు సమస్య చలిలో వస్తుంది. పెట్రోలు మండాలంటే ఆవిరి కావాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అందులో తేలికైన భాగమే ఆవిరి అవుతుంది, మిగతాది గోడలకి తడిగా అంటుకుంటుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకి సుమారు 14.7 వంతుల గాలి ఉంటే పూర్తిగా మండుతుంది. చల్లటి ఇంజిన్‌లో అదే పాళ్లు పంపితే ఆవిరైన పెట్రోలు తక్కువ పడుతుంది. అందుకే ఎక్కువ పోయాలి. పాత అమల్ కార్బరేటర్లలో టిక్లర్ అనే చిన్న మీట ఉండేది. దాన్ని నొక్కితే ఫ్లోట్ కిందికి దిగి పెట్రోలు పొంగేది, వేలికి తడి తగిలేదాకా నొక్కేవాళ్లు. తర్వాత మన బుల్లెట్‌లకి వచ్చిన మిక్‌కార్బ్ కార్బరేటర్‌లో ఆ పని చోక్ లివర్ చేస్తుంది.

వేడి ఇంజిన్‌కి ఇదంతా తిరగేసి వర్తిస్తుంది. పది కిలోమీటర్లు వచ్చి టీ తాగి తిరిగి బండి దగ్గరికి వచ్చినవాడు అలవాటుగా చోక్ వేసి, యాక్సిలేటర్ నాలుగుసార్లు తిప్పి కిక్ కొడితే ప్లగ్గు తడిసిపోతుంది. ఆ తర్వాత ఎన్ని కొట్టినా తడి పెరుగుతుందే తప్ప తగ్గదు. అప్పుడు పెట్రోలు ట్యాప్ మూసి, తాళం ఆఫ్ చేసి, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి, డీకంప్రెసర్ పట్టుకుని నాలుగైదు సార్లు కిక్కర్ తొక్కితే లోపలి తడి గాలి బయటికి పోతుంది. తర్వాత ట్యాప్ తెరిచి, చోక్ లేకుండా, మామూలుగా కంప్రెషన్ మీద పెట్టి కొడితే చాలాసార్లు స్టార్ట్ అవుతుంది. కోపంతో కొట్టే పదో కిక్ కంటే ఇది ఎప్పుడూ నయం.

టూ స్ట్రోక్ లెక్క వేరు

మైసూరులో ఐడియల్ జావా తయారుచేసిన జావా, యెజ్డీ బళ్లకి ఈ తతంగం అక్కర్లేదు. 250 సీసీ టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ ఒకసారి రవ్వ పడుతుంది, వాల్వులు లేవు, డీకంప్రెసర్ అవసరం లేదు. ఆ బళ్ల వింత ఇంకో చోట ఉంది. కిక్కర్, గేర్ లివర్ రెండూ ఒకటే. ఎడమవైపు ఉన్న గేర్ లివర్‌ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కర్ అవుతుంది. బండి స్టార్ట్ అయ్యాక మళ్లీ గేర్ లివర్ అయిపోతుంది. కొత్తగా చూసినవాళ్లు బండికి కిక్కర్ ఎక్కడుందని వెతుక్కోవడం మామూలే.

టూ స్ట్రోక్‌ల అసలు శత్రువు ఆయిల్. పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తారు కాబట్టి మసి పేరుకుని ప్లగ్గు నలుపెక్కుతుంది. ట్యాప్ తెరిచి మర్చిపోతే పెట్రోలు క్రాంక్ కేస్ అడుగున చేరుతుంది. పోలండు ఎస్‌హెచ్ఎల్ బండి ఆధారంగా వచ్చిన రాజ్‌దూత్ 175ని పాలవాళ్లు, పల్లెటూళ్ల వ్యాపారులు ఏళ్ల తరబడి వాడారు. ఆ తరంలో చాలామంది జేబులో ఒక ప్లగ్గు, సీటు కింద ఒక ప్లగ్ స్పానర్ ఉండటం వింతేమీ కాదు.

టూ స్ట్రోక్‌కి ఇంకో విచిత్రం ఉంది, వింటే నమ్మరు. కిక్ వెనక్కి తన్నితే ఇంజిన్ అలాగే వెనక్కి తిరుగుతూ ఆగకుండా నడిచే అవకాశం ఉంది. పిస్టన్‌తో తెరుచుకునే పోర్టులు ఎటు తిరిగినా ఒకేలా తెరుచుకుంటాయి, ఫోర్ స్ట్రోక్‌లో వాల్వులు అలా కుదరనివ్వవు. శబ్దం మామూలుగానే ఉంటుంది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక్కి పోతుంది. ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేయడమే మందు.

ఇక్కడే క్లచ్ సంగతి కూడా చెప్పుకోవాలి. బుల్లెట్, యెజ్డీలలో కిక్ బలం గేర్‌బాక్స్ మీదుగా, క్లచ్ మీదుగా ఇంజిన్‌కి చేరుతుంది. అందుకని న్యూట్రల్‌లోనే, క్లచ్ పట్టుకోకుండానే కొట్టాలి. క్లచ్ ప్లేట్లు అరిగి జారుతుంటే కిక్కర్ మెత్తగా దిగిపోతుంది, ఇంజిన్ మాత్రం తిరగదు. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్100 వంటి జపాన్ తరహా బళ్లలో కిక్ క్లచ్‌ని దాటి నేరుగా ఇంజిన్ వైపు గేరుకి తగులుతుంది. సిగ్నల్ దగ్గర గేరులో ఉండగా ఆగిపోయినా క్లచ్ పట్టుకుని అక్కడే తన్నొచ్చు. ట్రాఫిక్‌లో ఈ ఒక్క తేడా ఎంత టెన్షన్ తగ్గించిందో ఆ రెండూ నడిపినవాళ్లకే తెలుస్తుంది.

బటన్ ఎందుకు ఆలస్యమైంది

మొదటి మోటార్‌సైకిళ్లకి కిక్ కూడా లేదు. సైకిల్‌లా పెడల్స్ తొక్కాలి, లేదంటే బండితో పాటు పరిగెత్తి ఎక్కి కూర్చోవాలి. ఇంగ్లండు యార్క్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ 1908లో తెచ్చిన టూ స్ట్రోక్ బండితో కాలితో తన్ని స్టార్ట్ చేసే పద్ధతి పేరు తెచ్చుకుంది. అప్పట్లో అదే సుఖం.

ఎలక్ట్రిక్ స్టార్టర్ కూడా ఆ వెనకే వచ్చింది. 1912లో క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన స్టార్టర్ పెట్టారు. రెండేళ్లకే, 1914లో, అమెరికాలో ఇండియన్ కంపెనీ హెండీ స్పెషల్ అనే బండికి స్టార్టర్ పెట్టి అమ్మింది. స్టార్టర్ బాగానే ఉంది, బ్యాటరీలు తట్టుకోలేదు. ఆ మోడల్‌ని త్వరలోనే ఆపేశారు. బండి మీద ఊగుతూ, ఎండలో మాడుతూ, చిన్న పెట్టెలో ఇమిడి, ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇవ్వగల బ్యాటరీ రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. హార్లే డేవిడ్‌సన్ 1965లో బటన్ పెట్టిన పెద్ద బండికి ఎలక్ట్రా గ్లైడ్ అని పేరు పెట్టిందంటే అది అప్పటికి ఎంత గొప్పో ఊహించుకోవచ్చు.

1969లో హోండా సీబీ750 నాలుగు సిలిండర్లతో, బటన్‌తో వచ్చాక ఇంగ్లండు కంపెనీలకి ఊపిరాడలేదు. నార్టన్ తన కమాండో 850కి 1975లో గానీ స్టార్టర్ పెట్టలేకపోయింది. అది కూడా ఎంత బలహీనమంటే, ఒంటరిగా ఇంజిన్‌ని తిప్పడం కంటే కాలికి సాయం చేయడానికే పనికొస్తుందని వాడినవాళ్లు ఎగతాళి చేసేవారు. కిక్ మీద గౌరవం వల్లే వాళ్లు బటన్ పెట్టలేదనే మాట తరచు వినిపిస్తుంది. అంత భావుకత అక్కర్లేదు. పాత ఇంజిన్ డిజైన్‌లో స్టార్టర్ మోటారుకి చోటు లేదు, కొత్త డిజైన్‌కి డబ్బు లేదు.

మన బుల్లెట్ కథ ఇందులోనే ఇంకో మలుపు. మన సైన్యం ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ బుల్లెట్ 350లు కొన్నాక 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన విడిభాగాలు బిగించి, ఆ తర్వాత ఇక్కడే అన్నీ తయారుచేసి, 1950ల డిజైన్‌నే చిన్న చిన్న మార్పులతో దశాబ్దాల పాటు నడిపింది. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ మూతపడింది, మద్రాసు తిరువొట్టియూర్ ఫ్యాక్టరీ బళ్లు మాత్రం 1977 నుంచి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో నలభై, యాభై ఏళ్ల వయసున్న చాలామందికి కిక్, ఆంపియర్ ముల్లు, డీకంప్రెసర్ గుర్తున్నాయంటే కారణం ఆ కొనసాగింపే. ఇంగ్లండులో మ్యూజియంలోకి పోయిన వస్తువు మన దగ్గర పోలీస్ స్టేషన్ ముందు, రైస్ మిల్లు ముందు రోజూ స్టార్ట్ అవుతూ ఉండేది.

మొండితనం ఎక్కడి నుంచి వస్తుంది

ఇప్పుడు మొదట అన్న ఆ రెండో మూలానికి వద్దాం. పాత బుల్లెట్ కొని, పెయింట్ వేయించి, క్రోమ్ మెరిపించి, కిక్ దగ్గర ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమందికి పరీక్షించాల్సినవి తక్కువే. పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందా, వాటి ముఖాలు కాలి గుంటలు పడ్డాయా అని చూడాలి. పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ పాడైతే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే బండి వేడెక్కాక మొరాయిస్తుంది. పాయింట్ల దగ్గర నీలంగా పెద్ద రవ్వ ఎగిరితే అనుమానం దాని మీదే పడాలి. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో వాల్వుల ఖాళీని సర్దే ట్యాపెట్లు చల్లటి ఇంజిన్ మీద, వాల్వుని కదిలించే పుష్ రాడ్ వేళ్లతో సులువుగా తిరిగేలా, పైకీ కిందికీ మాత్రం ఆడకుండా పెట్టాలి. ఎక్కువ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది.

కంప్రెషన్ ఉందో లేదో తెలుసుకోవడానికి మీటర్ కూడా అక్కర్లేదు. డీకంప్రెసర్ ముట్టుకోకుండా, తాళం ఆఫ్‌లో ఉంచి, కంప్రెషన్ దొరికిన చోట కిక్కర్ మీద బరువు వేసి నిలబడాలి. కాసేపు ఆగి మెల్లగా దిగితే ఆరోగ్యం. వెంటనే కూలబడితే రింగులు, వాల్వులు, లేదా ఆ డీకంప్రెసరే లీక్ అవుతోంది. డీకంప్రెసర్ కేబుల్ మరీ బిగుతుగా ఉండి అది సగం తెరుచుకునే ఉండటం చాలా మామూలు లోపం, సరిచేయడానికి ఖర్చేమీ ఉండదు.

ఇవి చూడకుండా "బుల్లెట్ అంటే మగాడి బండి" అని మీసం దువ్వుకోవడం ఎవరికీ మేలు చేయలేదు. పదిసార్లు తన్నడం గొప్ప అయితే, ఆ గొప్ప మోకాలి డాక్టరు దగ్గర ముగుస్తుంది. పద్ధతి తెలిసిన ఆడవాళ్లు, సన్నగా ఉన్న కుర్రాళ్లు ఇదే బండిని సునాయాసంగా స్టార్ట్ చేయడంలో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. కిక్కర్ మీద పడే శరీర బరువు చాలు, కండరాల పని తక్కువ.

కొత్తగా వచ్చిన చిక్కు ఒకటి పెట్రోలులోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి మండటానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు, అంటే కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలైన పాత జెట్ల కొలతతో పంపితే మిశ్రమం పలచబడుతుంది. ఆవిరి కావడానికి ఇథనాల్ ఎక్కువ వేడి లాక్కుంటుంది, అది చలి ఉదయాల్లో కిక్‌కి మరింత అడ్డు. గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున తుప్పు, కార్బరేటర్‌లో పచ్చటి మడ్డి కనిపించడానికి అదొక కారణం. ఆదివారం మాత్రమే బయటికి తీసే బండి అయితే, ఇంటికి చేరే ముందు ట్యాప్ మూసి కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా నడపడం, రబ్బరు పైపులు ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించడం, పైలట్ జెట్ ఒక సైజు పెంచే విషయం మెకానిక్‌తో మాట్లాడటం మంచిది. మన చట్టం ప్రకారం 50 ఏళ్లు దాటిన బండినే వింటేజ్ కింద నమోదు చేస్తారు. ఆర్ఎక్స్100 అభిమానులు ఇంకా కొన్నేళ్లు ఆగాలి, ఇథనాల్ చిక్కు మాత్రం వాళ్లకీ ఇప్పుడే ఉంది.

కిక్కర్ మెల్లగా మాయమవుతోంది. 2023లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన బుల్లెట్ 350కి అది లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి కిక్ అసాధ్యమని చాలామంది అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. యమహా ఎస్ఆర్400కి జపాన్‌లో 2010లో ఇంజెక్షన్ పెట్టారు, బటన్ మాత్రం పెట్టలేదు. 2021లో తయారీ ఆపేదాకా ఆ బండి కిక్‌తోనే స్టార్ట్ అయింది. పిస్టన్ ఎక్కడుందో చూపించే చిన్న గాజు కిటికీ కూడా దాని ఇంజిన్ మీద ఉండేది, మన బుల్లెట్ ముల్లు చేసే పనికి.

కిక్ ఉంటే బ్యాటరీతో పని లేదన్న మాట మాత్రం పాత బుల్లెట్ యజమానులే నమ్మకూడదు. మాగ్నెటో బండికి అది వర్తిస్తుంది. పాయింట్ల బుల్లెట్‌లో కాయిల్‌కి కరెంటు ఇచ్చేది ఆ బ్యాటరీయే. అది పూర్తిగా దిగిపోతే, కంప్రెషన్ మీద ఎంత చక్కగా పెట్టి కొట్టినా ప్లగ్గు దగ్గర రవ్వ పడదు. తాళం తిప్పి, పాయింట్లు మూసుకున్న చోటికి కిక్కర్‌ని కాస్త జరిపినా ముల్లు కదలకపోతే కిక్ జోలికి వెళ్లకుండా ముందు ఫ్యూజు, ఆ తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి.